ముప్ఫై ఒక్క తేదీలు: ఒక ఫిజిక్స్ టీచరు వీసా ఫైలు

విదేశీ వీసాలకి సలహాలివ్వడం నా పని. ఈ ఫైలు 2025 మార్చిలో నా దగ్గరికొచ్చింది. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, స్కూళ్లు, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. తేదీలు, లెక్కలు, నా తప్పు మాత్రం ఉన్నవున్నట్టే.

ఆవిడకి 38 ఏళ్లు. బీఎస్సీ, 2009లో ఏడాది బీఈడీ, తర్వాత ఎమ్మెస్సీ ఫిజిక్స్. హైస్కూల్లో పదమూడేళ్ల సర్వీసు, అందులో 2017 నుంచి 2020 దాకా ఒక గల్ఫ్ దేశంలో. ఆవిడ భర్త అకౌంటెంట్. బాబుకి తొమ్మిదేళ్లు. చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. యూఏఈలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫర్ లెటర్, పది రోజుల్లో జవాబు చెప్పాలి. రెండోది అమెరికా జే-1 (ఎక్స్ఛేంజి వీసా) టీచర్ ప్రోగ్రాం ఇంటర్వ్యూలో ఎంపికైనట్టు వచ్చిన మెయిలు. వాటితోపాటు ఆయన తయారుచేసిన ఎక్సెల్ షీటు: ఏడు దేశాలు, మొదటి కాలమ్ జీతం, రెండోది పన్ను, ఆఖరిది వీసా.

"ఏ దేశం వీసా మంచిదండీ?" అన్నారావిడ కూర్చుంటూనే.

"మీ బీఈడీ రికార్డులు ఇంకా ఉన్నాయా?" అన్నాను.

వీసా సంగతి అడిగితే ఈయన బీఈడీ అంటాడేమిటన్నట్టు ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫైల్లో ఉద్యోగం ఉంటుంది, వీసా ఉంటుంది. టీచరు ఫైల్లో ఆ రెండిటికీ మధ్య మూడో గుమ్మం ఒకటుంది. ఆ దేశంలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పొచ్చని అక్కడి సంస్థ ఇచ్చే గుర్తింపు అది. అది ఎక్కడ వస్తుందో తేలితే వీసా ఏదో దాదాపు దానంతటదే తేలిపోతుంది. షీటులో ఆ కాలమే లేదు.

ముందు చేతిలో ఉన్న రెండు కాగితాలు

యూఏఈ ఆఫర్ చెడ్డదేం కాదు. జీతం మీద ఆదాయపు పన్ను లేదు, ఇంటి అద్దె భత్యం ఉంది, బాబుకి అదే స్కూల్లో రాయితీ సీటు ఉంది. కానీ అక్కడ నివాసం స్కూలు స్పాన్సర్‌షిప్ మీద నిలబడుతుంది. మామూలుగా రెండేళ్లకోసారి రెన్యువల్, ఉద్యోగం పోతే కొద్ది గడువులో ఇంకోటి వెతుక్కోవాలి లేదా బయలుదేరాలి. ఇన్నేళ్లుంటే శాశ్వత నివాసం వస్తుందనే దారి లేదు. దుబాయ్‌లో 2024 నుంచి ప్రతిభ చూపిన ప్రైవేటు స్కూలు టీచర్లకి పదేళ్ల గోల్డెన్ వీసా ఇస్తున్నారు గానీ, దాన్ని లెక్కలో వేసుకుని బయలుదేరడం లాటరీ టికెట్ చూపించి అప్పు అడగడంలాంటిది. ఐదేళ్లలో ఇంత మిగుల్చుకుని తిరిగొచ్చేస్తాం అనుకునేవాళ్లకి గల్ఫే సరైన దారి, అలాంటివాళ్లని నేనే పంపించాను. వీళ్లు అలా అనుకోవడం లేదు. "బాబు చదువు మధ్యలో మళ్లీ మళ్లీ మారకూడదు" అన్నది ఆవిడ నాకు చెప్పిన మొదటి షరతు.

ఆ షరతు దగ్గరే జే-1 కూడా ఆగిపోయింది. జే-1 టీచర్ కేటగిరీ మూడేళ్లు. స్పాన్సర్ అడిగితే ఇంకో ఏడాదో రెండేళ్లో పొడిగిస్తారు, మొత్తం ఐదు దాటదు. మళ్లీ అదే కేటగిరీలో రావాలంటే రెండేళ్లు అమెరికా బయట ఉండాలి. ఇది కాక 212(ఇ) అని, స్వదేశానికి తిరిగెళ్లి రెండేళ్లుండాలనే ఇంకో షరతు ఉంది, అది అందరికీ పడదు. ఈ రెండు రెండేళ్లనీ కలగలిపేసి చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు, కొట్టిపారేసేవాళ్లూ తగులుతారు. ఇప్పుడు తొమ్మిదేళ్ల బాబుకి ఐదేళ్లయ్యేసరికి పద్నాలుగు. సరిగ్గా హైస్కూలు మధ్యలో లేపుకురావాలి. హెచ్-1బీకి మారదామంటే మామూలు స్కూల్ డిస్ట్రిక్టులు ఏటా లాటరీ కిందికే వస్తాయి. ఆ ఏడాది సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల మెలిక కూడా పెట్టారు. మార్చిలో మాకు ఆ సంగతి తెలియదు.

ఒక చిన్న విషయం, దీన్ని టీచర్లకి ముందుగా ఎవరూ చెప్పరు. దరఖాస్తు నాటికి స్వదేశంలో టీచరుగా పనిచేస్తూ ఉండడం జే-1లో మూల అర్హత. దీనికి మినహాయింపు ఇరుకైనది: ఈమధ్యే పై డిగ్రీ పూర్తిచేసినవాళ్లకి మాత్రమే. అంటే ముందు గల్ఫ్ వెళ్లి, అక్కడినుంచి జే-1కి పెట్టుకుందాం అన్న ఆయన ప్లాను సాగదు. ఒక తలుపు తీస్తే ఇంకోటి మూసుకుంటుంది. పది రోజుల గడువులో ఎనిమిదో రోజున ఆవిడ యూఏఈ స్కూలుకి మర్యాదగా వద్దని రాసేశారు. ఆయన మొహం మాత్రం ఆ వారమంతా చిన్నబోయే ఉంది.

రికార్డు పుస్తకం

మిగిలినవి నివాసం ఇచ్చే దేశాలు. షీటులో ఆవిడ మనసు ఆస్ట్రేలియా మీదుంది. అక్కడ టీచర్ల నైపుణ్యాన్ని ఎయిట్సిల్ అనే సంస్థ అంచనా వేస్తుంది. 189, 190, 491 లాంటి పాయింట్ల వీసాల్లో ఏదడగాలన్నా ముందు అది కావాలి. ఇంగ్లీషులో ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ చదవడం, రాయడంలో 7, వినడం, మాట్లాడడంలో 8 అడుగుతారు. చాలామంది ఇక్కడే పడిపోతారు. ఆవిడకి సరిగ్గా ఆ మార్కులు వచ్చి ఉన్నాయి. డిగ్రీ మూడేళ్లు, బీఈడీ ఏడాది కలిపి నాలుగేళ్ల ఉన్నత విద్య కూడా సరిపోయింది. ఇంకొక్క షరతు మిగిలింది: టీచర్ శిక్షణలో పర్యవేక్షణ కింద కనీసం 45 రోజుల బోధనాభ్యాసం.

రోజులు. మన పాత ఏడాది బీఈడీలో లెక్క రోజుల్లో ఉండేది కాదు, పాఠాల్లో ఉండేది. రెండు మెథడ్స్ (బోధించే సబ్జెక్టులు), ఒక్కోదానికి ఇరవై పాఠాలు. ఆవిడ కాలేజీ నుంచి తెచ్చిన ఉత్తరంలో కూడా "నలభై పాఠాలు పూర్తిచేసినారు" అనే ఉంది. వీసా దరఖాస్తుదారులు ఇక్కడ చేసే పని నాకు తెలుసు. నలభై పాఠాలంటే నలభై రోజులనుకుని, ఇంకో ఐదు ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తారు.

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ అట్ట ఊడిపోయిన రెండు లెసన్ ప్లాన్ రికార్డులు తెచ్చారు. ఫిజికల్ సైన్సు ఒకటి, లెక్కలు ఒకటి. ప్రతి పాఠం చివర సూపర్‌వైజర్ ఎర్ర సిరా సంతకం, పక్కన తేదీ. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని తేదీలన్నీ ఒక తెల్లకాగితం మీద రాశాం. ఉదయం ఫిజిక్స్, మధ్యాహ్నం లెక్కలు చెప్పిన రోజులు తొమ్మిది తేలాయి. నలభై పాఠాలు జరిగింది ముప్ఫై ఒక్క తేదీల్లో. తోటి విద్యార్థుల పాఠాలు గమనించిన అబ్జర్వేషన్ రికార్డు కూడా కలిపాం. ఇంకో ఆరు రోజులు వచ్చాయి. ముప్ఫై ఏడు.

ఆయన కాసేపు ఆ కాగితం వైపే చూసి, "కాలేజీవాళ్లు మనవాళ్లేనండీ. నలభై ఐదు రోజులని రాసిమ్మంటే రాసిస్తారు" అన్నారు.

రాసిస్తారు, నిజమే. ఆస్ట్రేలియా వలస నియమాల్లో 4020 అని ఒక షరతుంది. తప్పుడు పత్రం పెట్టినట్టు తేలి వీసా నిరాకరిస్తే మూడేళ్లు అదే షరతు ఉన్న వీసాలేవీ రావు. దరఖాస్తులో ఉన్న కుటుంబం మొత్తానికీ అది తగులుతుంది. పైగా వేరే దేశం ఫారాల్లో "మీకెప్పుడైనా వీసా నిరాకరించారా" అన్న ప్రశ్న దగ్గర అది జీవితాంతం కూర్చుంటుంది. ఇదంతా చెప్పాక ఆవిడే పుస్తకాలు మూసేసి, "పదహారేళ్లయింది, ఆ ఎనిమిది రోజులు ఇప్పుడెక్కడ తెస్తాం లెండి" అన్నారు. ఆస్ట్రేలియా అక్కడితో అయిపోయింది. రెండేళ్ల బీఈడీ వచ్చాక చదివినవాళ్లకి ఈ చిక్కు చాలావరకు ఉండదు. బీఈడీని రెండేళ్లు చేసిన 2014 ఎన్‌సీటీఈ (టీచర్ విద్య మండలి) నియమాల ముందు చదివినవాళ్లు ఫీజు కట్టకముందే తేదీలు లెక్కపెట్టుకోవాలి.

కెనడాకి ఎక్కువసేపు పట్టలేదు. పాయింట్లు చూసి శాశ్వత నివాసానికి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2025 ఫిబ్రవరిలో విద్యారంగానికి ప్రత్యేక కేటగిరీ పెట్టడంతో చాలామంది టీచర్లు అటు పరిగెత్తారు. ఆవిడ స్కోరు 420 చుట్టూ వచ్చింది. భర్తతో కలిపి పెడితే 29 ఏళ్లవాళ్లకి వయసు కింద 100 పాయింట్లు, 38కి 55. ఉద్యోగ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు మార్చి 25న తీసేశారు. మే 1న ఆ కేటగిరీ మొదటి డ్రా కటాఫ్ 479 దగ్గర ఆగింది. ప్రొఫైల్ వేసి ఉంచాం, ఆశ మాత్రం పెట్టుకోలేదు.

న్యూజిలాండ్ సంగతి వేరు. అక్కడ సెకండరీ టీచర్లు గ్రీన్ లిస్టులో (కొరత ఉన్న ఉద్యోగాల జాబితాలో) ఉన్నారు. టీచింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అక్రెడిటెడ్ స్కూలు నుంచి ఉద్యోగం ఉంటే నేరుగా రెసిడెన్స్ అడగొచ్చు. వయసు 55 దాకా పరవాలేదు. అడ్డుపడింది క్యాలెండరు. అక్కడ విద్యాసంవత్సరం జనవరి చివర, ఫిబ్రవరిలో మొదలవుతుంది. మేం మార్చిలో ఉన్నాం. దాన్ని రెండో దారిగా పక్కన పెట్టాం.

ఇంగ్లండ్

2023 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ తన టీచర్ అర్హత క్యూటీఎస్‌ని నేరుగా ఇచ్చే దేశాల జాబితాలో భారత్‌ని కూడా చేర్చింది. మన దగ్గర అర్హత పొందినవాళ్లకి ఒక హద్దు ఉంది: లెక్కలు, సైన్సు, భాషలు, అదీ 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకి చెప్పేవాళ్లకే. ప్రైమరీ టీచర్లకీ సోషల్ టీచర్లకీ ఈ తలుపు లేదు. ఆవిడ ఫిజిక్స్. దరఖాస్తుకి ఫీజు లేదు. ఏడాది బీఈడీ అక్కడ సరిపోయింది, ఎనిమిది రోజుల లోటు గురించి ఎవరూ అడగలేదు.

క్యూటీఎస్ లేకుండా వెళ్లలేమా అని చాలామంది అడుగుతారు. వెళ్లొచ్చు. విదేశాల్లో శిక్షణ పొందినవాళ్లు స్థానిక కౌన్సిళ్ల కింద నడిచే ప్రభుత్వ స్కూళ్లలో నాలుగేళ్ల వరకు క్యూటీఎస్ లేకుండా బోధించొచ్చు. కానీ స్కూలు అన్‌క్వాలిఫైడ్ స్కేలు మీద జీతమిస్తే, లండన్ బయట ఆ స్కేలు అడుగు మెట్టు ఏడాదికి 25,000 పౌండ్లకి దిగువనే ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి టీచర్లలాంటి జాతీయ వేతన స్కేళ్ల ఉద్యోగాలకి స్కిల్డ్ వర్కర్ అనే బ్రిటన్ ఉద్యోగ వీసా కనీస జీతం ఆ 25,000. క్యూటీఎస్ వీసా షరతు కాదు, కానీ వీసాకి కావాల్సిన జీతాన్ని అదే తెచ్చిపెడుతుంది. ఏజెంట్ల వీడియోల్లో ఈ ముడి ఎక్కడా కనిపించదు.

అక్కడి టీచర్లు ఆగస్టు చివర మానేయాలంటే మే 31లోగా రాజీనామా ఇవ్వాలి. అందుకే ఖాళీలు ఏప్రిల్, మేలలో బయటపడతాయి. ఆవిడ ఆ రెండు నెలల్లో ఇరవై రెండు దరఖాస్తులు పెట్టారు. విదేశీయుల్ని పెట్టుకునే స్పాన్సర్ లైసెన్సు ఉన్న స్కూళ్లకి మాత్రమే పెట్టమన్నాను, ఆ జాబితా హోం ఆఫీసు బహిరంగంగా ఉంచుతుంది. మూడు వీడియో ఇంటర్వ్యూలయ్యాయి. ఒక సెకండరీ స్కూలు మే నెలాఖరులో ఆఫర్ ఇచ్చింది. ఈలోగా ఒక మధ్యవర్తి సీవోఎస్ ఇప్పిస్తానని డబ్బడిగాడట. సీవోఎస్ అంటే వీసా కోసం స్కూలు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్. దాని ఖర్చు స్కూలుది, దాన్ని ఉద్యోగి మీద వేయకూడదని 2024 చివరి నుంచి రూలే ఉంది. అడిగాడంటే అక్కడే ఫోను పెట్టేయమన్నాను.

ఇంకో అడ్డంకి చిన్నదే గానీ ఒళ్లు మండింది. ఆవిడ రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ బ్రిటన్ వీసాకి పనికిరాదు. అదే పరీక్ష "యూకేవీఐ కోసం" అన్న పేరుతో ఆమోదిత కేంద్రంలో రాయాలి. మళ్లీ రాశారు.

జూలైలో ఒక రాత్రి పదకొండింటికి ఫోను. "కనీస జీతం 41,700 చేశారంటండీ, వీడియోలో చూశాం." చేసిన మాట నిజమే, జూలై 22 నుంచి సాధారణ పరిమితి అది. టీచర్లు జాతీయ వేతన స్కేలు కిందికి వస్తారు, వాళ్లకి 25,000 అలాగే ఉంది. ఆ వాక్యం చదివి వినిపిస్తే గానీ ఆ ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

డబ్బు లెక్క ముందే కాగితం మీద పెట్టాం. మూడేళ్ల వీసాకి అప్పట్లో ఒక్కొక్కరికి 769 పౌండ్లు. ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035, బాబుకి 776. ముగ్గురికీ మూడేళ్లకి సర్‌చార్జే 8,538, వీసా ఫీజులతో కలిపి 10,845. ఇదంతా మొదటి జీతం రాకముందే కట్టాలి. స్కూలు మెయింటెనెన్స్‌కి (వెళ్లిన కొత్తలో బతుకు ఖర్చుకి) హామీ ఇవ్వకపోతే ఆవిడకి 1,270, ఆయనకి 285, బాబుకి 315 పౌండ్లు 28 రోజులపాటు ఖాతాలో కదలకుండా చూపించాలి. ఈ స్కూలు ఆవిడ ఒక్కరికే హామీ ఇచ్చింది.

నా తప్పు

విద్యారంగం ఉద్యోగాలకి ఇంకో షరతుంది. గత పదేళ్లలో 12 నెలలో అంతకన్నా ఎక్కువో ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ కావాలి. ఇది భర్తకి కూడా వర్తిస్తుంది. 2017–2020లో ముగ్గురూ ఉన్న గల్ఫ్ దేశం నుంచి ఇద్దరివీ ముందే తెప్పించాను. ఇంకెక్కడైనా ఏడాదిపాటు ఉన్నారా అని ఆయన్ని అడిగాను. "లేదండీ, పక్క దేశంలో ప్రాజెక్టు మీద ఆరేడు నెలలు ఉన్నాను" అన్నారు. రాసుకుని వదిలేశాను.

నేనడగాల్సిన ప్రశ్న అది కాదు. రూలు ఒకే దఫా ఏడాది అనదు, మొత్తం కలిపి అంటుంది. ఆగస్టు మొదటి వారంలో, దరఖాస్తు పంపేముందు ఆయన పాస్‌పోర్టు ముద్రలు ఒక్కొక్కటీ చూస్తుంటే దొరికింది: 2021లో ఏడు నెలలు, 2022లో మళ్లీ ఆరు నెలలు. పదమూడు. ఆయన అబద్ధం చెప్పలేదు, "ఆరేడు నెలలు" అన్నది ఆయన మనసులో ఒక్కో దఫా లెక్క. పాస్‌పోర్టు మార్చి నుంచీ నా బీరువాలోనే ఉంది, మొదటి రోజే చూడాల్సింది.

ఆ దేశంలో ఆయన రెసిడెన్స్ కార్డు ఎప్పుడో రద్దయింది. వేలిముద్రల ఫారం, ఎంబసీ ధ్రువీకరణ, అక్కడ ఒకరికి ఆథరైజేషన్. మూడు వారాల్లో కాదని తెలిసిపోయింది. స్కూలు సెప్టెంబరు 1న రమ్మంది. దారి ఒక్కటే, ఆవిడ ముందు ఒంటరిగా వెళ్లడం. తల్లి ఒక్కరే వెళ్తే బాబుకి డిపెండెంట్ వీసా కూడా ఆగుతుంది, ఎందుకంటే మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడుండాలి, లేదా కలిసి దరఖాస్తు పెట్టాలి.

ఈ మాట ఫోన్లో చెప్పడం పద్ధతి కాదని ఇంటికి వెళ్లి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. బాబు మాత్రం, "అమ్మ వెళ్లేది నాకంటే ముందా?" అని రెండుసార్లు అడిగాడు. నా ఫీజులో సగం తిరిగిచ్చాను. వాళ్లు వద్దన్నారు గానీ, టికెట్లు మార్చిన ఖర్చు అంతకంత ఉంది.

ఆవిడ ఆగస్టు చివర్లో వెళ్లారు. ఆయన సర్టిఫికెట్ తొమ్మిది వారాలకి, అక్టోబరు రెండో వారంలో వచ్చింది. జూలైలో చేయించిన క్షయ పరీక్ష సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది కాబట్టి అది మళ్లీ చేయించక్కర్లేకపోయింది. తండ్రీ కొడుకులు నవంబరు మూడో వారంలో చేరుకున్నారు. అక్కడ డిపెండెంట్‌కి ఉద్యోగం చేసే హక్కుంది, ఆయన ఇప్పుడు పేరోల్ పని వెతుక్కుంటున్నారు.

ఒక చిక్కు అలాగే మిగిలిపోయింది. శాశ్వత నివాసానికి 2025 నాటి నియమం ఐదేళ్లు, ఏ 12 నెలల్లోనూ 180 రోజులకి మించి దేశం బయట ఉండకూడదు. భర్త గడియారం ఆయన వీసా రోజునుంచి నడుస్తుంది, భార్య రోజునుంచి కాదు. నా పొరపాటు వల్ల ఇద్దరి మధ్యా దాదాపు మూడు నెలల తేడా. పైగా ఆ ఐదేళ్లని పదేళ్లు చేస్తామని 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం ప్రతిపాదించింది. అందుకే న్యూజిలాండ్ ఫైలు మూయలేదు, అక్కడ విదేశీ చదువుల్ని అంచనా వేసే ఎన్‌జెడ్‌క్యూఏకి పంపాల్సిన ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించి ఉంచాను. వాళ్ల ఫైలు అట్టమీద రెండు తేదీలున్నాయి, ఆవిడది 2030 ఆగస్టు, ఆయనది 2030 నవంబరు. రెండూ పెన్సిల్‌తోనే రాశాను.